మాట అందించే మనిషి

వీరరాఘవయ్యకి అక్షరం ముక్క రాదు. ఈ సంగతి కృష్ణానగర్లో సగం మందికి తెలియదు, తెలిసిన సగం మంది నమ్మరు. డెబ్బై దాటిన మనిషి, నోరు తెరిస్తే గది మీద రేకులు అదురుతాయి, గుక్క తిప్పుకోకుండా బారెడు సమాసం పలుకుతాడు, అలాంటివాడికి బస్సు మీద బోర్డు చదవడం రాదంటే ఎవరు నమ్ముతారు? రాదు మరి. ఆయనకి వచ్చిందల్లా వినడం, విన్నది విన్నట్టు మరుక్షణం పెద్ద గొంతుతో పలకడం. ఆ మాటని ఆయన చెవిలో వేసే మనిషి ఆయన భార్య నాగేశ్వరి.

నాటకంలో తెర పక్కన పుస్తకం పట్టుకుని నుంచుని నటుడికి మాట అందించే వాళ్ళని ప్రాంప్టరంటారు. మిగతా నటులకి ఆ మనిషి ఎక్కడైనా తడబడితే ఆదుకోవడానికి. వీరరాఘవయ్యకి మాత్రం నాంది నుంచి మంగళం దాకా కావాలి. కుడిభుజం వెనక నుంచి సన్నగా మాట వినపడితే చాలు, ఆయన రాజు, ఆయన మంత్రి, ఆయన ముని. వినపడకపోతే ఒట్టి వీరరాఘవయ్య, నోట్లో నాలుక లేని మనిషి. "గొంతు ఈయనది, మాట నాది. ఇద్దరం కలిస్తే ఒక నటుడు" అని నాగేశ్వరి నవ్వేది.

వాళ్ళ పరిచయమే ఒక తప్పుతో మొదలైంది. అప్పట్లో ఆయన బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే ఒక నాటక సమాజంలో ఉండేవాడు. ఒకరోజు ప్రాంప్టరు జ్వరంతో పడుకుంటే, హార్మోనిస్టు కూతురు చదువుకున్న పిల్ల కదా అని పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. ఆ పిల్ల భయంతో అచ్చులో ఉన్నదల్లా చదివేసింది. కొడుకు శవం ముందు కూర్చున్న రాజు వేషంలో వీరరాఘవయ్య "హా కుమారా, నన్ను విడిచి పోయితివా" అని అందుకుని, అదే ఊపులో "కన్నీరు తుడుచుకొని పీఠముపై కూలబడును" అని కూడా రాగం తీసి వదిలాడు. జనం విరగబడి నవ్వారు. వెనక వరసవాళ్ళు వన్స్ మోర్ అని అరిచారు. ఈయన మెచ్చుకుంటున్నారనుకుని మళ్ళీ పాడాడు, కూలబడడంతో సహా.

నాటకం అయ్యాక తిట్టిపోద్దామని వెళ్తే ఆ పిల్లే ఎదురు అడిగింది. "కుండలీకరణాల్లో ఉన్నది చెయ్యాలి గానీ చెప్పకూడదు. ఆమాత్రం తెలియదా మీకు?"

తెలియదు. పుస్తకంలో కుండలీకరణాలనేవి ఉంటాయని కూడా ఆయనకి తెలియదు. సిగ్గుతో తల వంచుకుని తనకి చదువు రాదని మొదటిసారి ఒక మనిషికి చెప్పాడు. ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి ఒక కట్టుబాటు పెట్టింది. తను "లోపల" అన్నదంటే తరవాత వచ్చే మాట ఆయన లోపలే ఉండిపోవాలి. అది చెయ్యాలి, పైకి అనకూడదు.

ఆ ఏడే వాళ్ళకి పెళ్ళయింది. పెళ్ళయ్యాక నాగేశ్వరి ఆయన్ని ఏవండీ అనే పిలిచింది, మీరు అనే అంది. ఒక్క తెర వెనక మాత్రం నువ్వు. లోపల, కూర్చో. లోపల, కత్తి దుయ్యి. లోపల, ఏడు. ఇన్నేళ్ళూ ఆయన ఆ మాట మీదే లేచాడు, ఆ మాట మీదే కూర్చున్నాడు. "లోపల" అన్న ముక్క మాత్రం ఒక్కసారైనా పైకి అనలేదు. ఇక ఆమె సంగతంటారా, నాటకం నడుస్తుండగా తేలు కుట్టినా నుంచున్న చోటు కదల్లేదని ఆ సమాజాల్లో పేరు. ప్రాంప్టరు చోటు కదిలితే నాటకం కూలిపోతుందని ఆవిడ నమ్మకం.

పద్యాలు వినే జనం తగ్గిపోయాక అందరిలాగే వాళ్ళూ కృష్ణానగర్ చేరారు. జూబ్లీహిల్స్ మేడలవాళ్ళ సినిమాలకి గుంపు కావాలి, గుంపు కృష్ణానగర్ సందుల్లో దొరుకుతుంది. ఈ రెండు పేటలకీ ఉన్న చుట్టరికం అంతే. వీరరాఘవయ్య పెళ్ళి సీన్లో పురోహితుడయ్యాడు, కోర్టు సీన్లో ముసలి గుమాస్తా అయ్యాడు, పంచాయతీ సీన్లో అరుగు మీద ఆ చివర పెద్దమనిషి అయ్యాడు. మాటలేమీ ఉండేవి కావు. ఉంటే గింటే "అవునవును" అనాలి. ఆ అవునవునుకి కూడా ఆయన భుజం మీంచి వెనక్కి చూసేవాడని తోటి ఆర్టిస్టులు ఏడిపించేవారు.

నాగేశ్వరి మాత్రం పుస్తకం వదల్లేదు. వాళ్ళ గదిలో మంచం కింద ఒక ఇనప ట్రంకు పెట్టె ఉండేది, దాన్నిండా నాటకాలు. సమాజం మూతపడి పుస్తకాలు తూకానికి వెయ్యబోతుంటే అడ్డం పడి తెచ్చుకున్నవి కొన్ని, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చినవి కొన్ని. వేషాల కోసం ఊళ్ళు వదిలి వచ్చిన పిల్లలు నాలుక తిరగడానికి ఆమె దగ్గరికి చేరేవారు. పుస్తకం ఇవ్వగానే వాళ్ళు తమ వేషం మాటలు మాత్రం వెతుక్కుంటుంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "ముందు ఎదుటివాడి మాట చదవరా. వాడేమన్నాడో వినకుండా నువ్వేం జవాబు చెప్తావు?" అనేది. మొదటిసారి కథ కోసం చదవమనేది, రెండోసారి గుక్క ఎక్కడ తిప్పుకోవాలో చూసుకోమనేది, ఆ తరవాత ఒక్క కుండలీకరణాలే చదవమనేది. "మాటలు అందరూ పలుకుతారు. మనిషి ఏం చేశాడో అందులో ఉంటుంది" అనేది. పద్యం నెత్తిన రాగం పేరు చూసి బెదిరిపోయిన వాళ్ళ చేత ముందు వచనంలా చదివించి, అర్థం తలకెక్కాక తనే సన్నగా పాడి చూపించేది. తద్దినం పెట్టినట్టు మొదలుపెట్టిన వాళ్ళు కూడా పది పేజీలు దాటేసరికి నవ్వుకుంటూ చదివేవారు.

పక్క గదిలో ఉండే సిద్దిపేట పిల్ల మంజులత డబ్బింగ్ పని లేని రోజున ఆ పెట్టె దగ్గరే కూర్చునేది. నాగేశ్వరిని పెద్దమ్మా అనేది, ఈయన్ని పెదనాయినా అనేది. వీరరాఘవయ్య మంచం మీద పడుకుని ఆ చదువంతా వింటూ ఉండేవాడు. బతుకంటే అలా వినపడుతూ ఉండడమేనని ఆయన అనుకునేవాడు.

పోయిన ఎండాకాలంలో రవిచంద్ర వాళ్ళ గది వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై దాటని కుర్రాడు, ఒక సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. వాళ్ళ సినిమాలో ఒక పాత పద్యనాటకం సీను ఉందట. మంత్రి వేషానికి గొంతున్న మనిషి కావాలట.

"పద్యం మొత్తం బాబాయ్ గారిదే. మీరు పక్కనుండి అందించండి పిన్నిగారూ. గొంతులు తరవాత డబ్బింగులో ఎలాగూ మళ్ళీ చెప్పిస్తాం కాబట్టి మీ మాట వినపడినా ఫరవాలేదు" అన్నాడు.

వీరరాఘవయ్య ముఖం ఇన్నేళ్ళలో కెమెరాకి దగ్గరగా వెళ్ళింది లేదు. ఆరోజు ఆయన అన్నం సగంలో లేచి అద్దంలో చూసుకున్నాడు. నాగేశ్వరి పెట్టెలోంచి ఆ నాటకం తీసి, ఊడిన అట్ట మైదాపిండితో అంటించుకుంది. వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఉండడం మంజులత అంతకుముందు చూడలేదు. చెల్లెలి పెళ్ళికి ఊరు వెళ్తూ, "ఒచ్చినంక నాకు మొత్తం చెప్పాలె పెద్దమ్మా" అంది.

షూటింగు ఫిల్మ్‌నగర్లో ఒక స్టూడియో ఫ్లోరులో. దర్బారు సెట్టు వేశారు. మధ్యలో పెద్ద ద్వారం, ఇనప చట్రానికి ప్లైవుడ్ బిగించి పైన ప్లాస్టర్ పూశారు. వెనకవైపు సరుగుడు కర్రలు ఆసరాగా పెట్టి నిలబెట్టారు. మంత్రి ఆ ద్వారం కిందే నుంచుని యుద్ధం వద్దని రాజుని బతిమాలుకోవాలి. పొద్దున రిహార్సల్ అంతా నాగేశ్వరి కెమెరా పక్కన నుంచునే అందించింది, రవిచంద్ర నోరు తెరుచుకుని చూశాడు. "ఇదేంటండీ, మంత్రంలా ఉంది. మీరు అనగానే ఆయన అనేస్తున్నారు" అన్నాడు. అసలు షాటు పెట్టేసరికి ఆమె నీడ పడుతోందన్నారు.

"పిన్నిగారూ, మీరు ద్వారం వెనక్కి వెళ్ళి అక్కణ్ణించి అందించండి" అన్నాడు రవిచంద్ర.

నాగేశ్వరి వెళ్ళి చూసి వచ్చింది. "అక్కడ లైటు స్టాండు కోసం కర్రలు లాగేస్తున్నారు బాబూ."

"ఒక్క షాటే కదండీ, అవ్వగానే పెట్టేస్తారు. డైరెక్టరు గారు అరుస్తున్నారు, కాస్త వెళ్ళండి."

ఈ మాటలు వీరరాఘవయ్య తన చెవులతో విన్నాడు. గుర్తుంచుకోవాల్సిన మాటలని ఆయనకి తోచలేదు. అవి ఏ వేషం మాటలూ కావు.

షాటు మొదలైంది. "మహారాజా, ఈ ముసలివాని మాట యొక్కటి ఆలకింపుము" అని భుజం వెనక నుంచి వచ్చింది, ఆయన పలికాడు. పద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు నిండుగా వెళ్ళాయి. మూడో పాదం రావలసిన చోట నాగేశ్వరి, "లోపల, ముందుకి నడు" అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది, తొందర లేదు, వణుకు లేదు. ఆయన నడిచాడు. రిహార్సల్లో లేని నడక ఇదేంటని కెమెరా వెనకవాళ్ళు కట్ అనేలోపు ద్వారం మొత్తం కూలింది. ఆయన నుంచున్న చోట ప్లాస్టరు కుప్ప పడింది, దాని వెనక ఇనప చట్రం కింద నాగేశ్వరి ఉంది.

ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పటికే ఆమెలో ప్రాణం మిగల్లేదు. వీరరాఘవయ్య మార్చురీ బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒంటి మీద మంత్రి బట్టలే, గడ్డం సగం ఊడి వేలాడుతోంది. కానిస్టేబులు వచ్చి ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆయన లేచి నుంచున్నాడు, నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. చుట్టూ జనం చూస్తున్నారు. మాట కోసం ఆయన తల అలవాటుగా కుడివైపుకి కొంచెం ఒరిగింది.

ఆ భుజం వెనక రవిచంద్ర ఉన్నాడు. వాడు దుర్మార్గుడేం కాదు, భయస్తుడు. లోకంలో సగం దుర్మార్గం భయస్తులే చేస్తారు. పైవాళ్ళు ఫోన్లో వాణ్ణి అప్పటికే చంపుతున్నారు. వాడి గొంతు సన్నగా, తొందర లేకుండా మొదలైంది.

"నా భార్య నాగేశ్వరి."

"నా భార్య నాగేశ్వరి" అన్నాడు వీరరాఘవయ్య.

"ఎవరూ వెళ్ళమనకుండానే, తన చోటు వదిలి, తనంతట తానే ద్వారం వెనక్కి వెళ్ళింది."

అదీ అన్నాడు.

"కాలు తగిలి కర్ర ఊడింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

అదీ అన్నాడు. చివరి ముక్క దగ్గర గొంతు దానంతటదే జీరపోయింది, ఎక్కడ జీరపోవాలో ఆ గొంతుకి తెలుసు. దుఃఖంలో ఉన్న ముసలాయనకి ఎవరో సాయం చేస్తున్నారని కానిస్టేబులు అనుకున్నాడో, అలా అనుకోవడమే సుఖమనుకున్నాడో, కాగితం మీద రాసుకుని, "జర మళ్ళొక్కసారి చెప్పు పెద్దాయనా, ఫోన్ల రికార్డు జేస్త" అన్నాడు. వన్స్ మోర్ అంటే మళ్ళీ పలకడం ఆయనకి కొత్త కాదు. ఈసారి మొదటి మాట అందితే సరిపోయింది, మిగతాది ఆయనకే నోటికి వచ్చేసింది. కాగితం మీద వేలిముద్ర వేశాడు.

కర్మకాండ కంపెనీవాళ్ళే దగ్గరుండి జరిపించారు. వీరరాఘవయ్య చెయ్యమన్నవి చేశాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. మంజులత ఊరి నుంచి వచ్చేసరికి కృష్ణానగర్ టిఫిన్ బండ్ల దగ్గర మాట పాకిపోయింది. ముసలావిడ కుదురుగా ఉండక వెనక్కెళ్ళి కర్ర తన్నుకుందట, మొగుడే చెప్పాడట. ఆ వీడియోని ఎవరో జూనియర్ ఆర్టిస్టుల గ్రూపులో పెట్టారు. ఆ పిల్ల ఫోను పట్టుకుని ఏడుస్తూ గదిలోకి వచ్చింది.

"పెదనాయినా, గిది నువ్వు చెప్పిందేనా?"

ఆమె వీడియో పెడితే ఆయన విన్నాడు. చెప్పుకోడానికి నోరు రాని సంగతే గానీ, వినగానే ఆయనకి కలిగిన మొదటి తలపు, బాగా పలికానే అని. గుక్క ఎక్కడా తప్పలేదు. ఆ తరవాత అందులో ఏముందో ఒక్కొక్క మాటే తలకెక్కింది. చోటు వదిలి. తనంతట తానే. కాలు తగిలి.

"ఇది నా మాట కాదమ్మా."

"మరి నోరు నీదే గద పెదనాయినా. పెద్దమ్మ తనంతల తాను పోయిందని ఎట్ల అన్నవ్?"

"నోరు నాదే" అన్నాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఈయన నోరు జారనైనా లేదు, ఎవరో పట్టుకుని జార్చారు.

ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన సంచి మూల పడి ఉంది. అందులో ఆమె చీర, కళ్ళజోడు ముక్క, ఆ నాటకం. ఆయన సంచి వైపు చూపించి ఆ ఘట్టం చదవమన్నాడు, కుండలీకరణాలతో సహా చదవమన్నాడు. మంజులత ప్లాస్టరు దుమ్ము దులిపి పేజీ తీసింది. పెద్దమ్మ నేర్పినట్టే నిదానంగా చదివింది. మంత్రి చేతులు జోడించును. మహారాజా, ఈ ముసలివాని మాట యొక్కటి. పద్యం, రెండు పాదాలు. ఆయన కళ్ళు మూసుకుని ముందుకి నడవడం కోసం ఎదురుచూశాడు. మూడో పాదం వచ్చింది. నాలుగో పాదం వచ్చింది. రాజు జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

"మధ్యలో నడవమని లేదూ?"

"లేదు పెదనాయినా. మంత్రి కదలకుండ గాడనే నిలబడాలె."

మళ్ళీ చదివించాడు. లేదు. పద్యం మధ్యలో అటువంటి మాట రాసి లేదు. పుస్తకంలో లేని ముక్క నాగేశ్వరి తన బతుకులో ఎప్పుడూ అందించలేదు. కర్ర జారడం ఆమెకి వెనక నుంచి కనపడి ఉంటుంది. పక్కకి ఒక్క గెంతు గెంతితే తను బతికేది. ఆ ఊపిరిని ఆమె మాట అందించడానికి వాడుకుంది. పారిపొండి అని అరిస్తే ఈయన ఆ మాటనే రాగం తీసి పాడుతూ అక్కడే నుంచుంటాడని ఆమెకి తెలుసు. అందుకని లోపల అంది. వీరరాఘవయ్య అప్పుడు ఏడ్చాడు, ఎవరూ ఏడవమని చెప్పకుండా.

మర్నాడు మంజులత ఆయన్ని స్టేషనుకి తీసుకెళ్ళింది. ఎస్సై నర్సింహ చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించాడు.

"గంత సాఫ్‌గా చెప్పినవ్ గద పెద్దమనిషీ. ఇప్పుడు మార్చి చెప్తనంటే రేపు అందరు నన్నడుగుతరు. అయినా సరే, చెప్పు. రాసుకుంట" అన్నాడు.

వీరరాఘవయ్య లేచి నుంచున్నాడు. చెప్పాల్సినదంతా ఆయనకి తెలుసు. రవిచంద్ర వెళ్ళమన్నాడు, కర్రలు తీస్తున్నారని ఆమె చెప్పింది, అయినా పంపించారు. ఇంతే, మూడు ముక్కలు. అవి మొదలుపెట్టడానికి మొదటి మాట కావాలి. ఎస్సై కలం పట్టుకుని చూస్తున్నాడు. మంజులత ఉండబట్టలేక ఆయన భుజం వెనకకి వచ్చి, "రవిచంద్ర సారు పెద్దమ్మను ద్వారం ఎనకకు..." అని మొదలుపెట్టింది.

"నువ్వు అందియ్యకమ్మా" అన్నాడు ఎస్సై. "నువ్వు గాడ లేవు గద. ఆయన చూసింది ఆయన నోటితోనే చెప్పాలె. లేకుంటే చెల్లది. నువ్వు పొయ్యి బయట కూసో."

మొదటిసారి ఆ మాట ఎవరూ అనలేదు. ఆస్పత్రిలో అబద్ధం అందిస్తుంటే అంతమందీ ఊరుకున్నారు. నిజం అందించబోయేసరికి చట్టం అడ్డొచ్చింది. మంజులత బయటికి వెళ్ళింది.

ఇప్పుడు భుజం వెనక ఎవరూ లేరు. వీరరాఘవయ్య పెదవులు కదిలాయి, మూసుకున్నాయి. "తొందర లేదు, నిమ్మలంగ చెప్పు" అన్నాడు ఎస్సై. ముసలాయన తల కుడివైపుకి ఒరిగింది. వినడానికి ఎంతగానో ప్రయత్నించాడు. అక్కడ ఆయనకి వినపడేది ఒకే గొంతు, ఆ గొంతులో మిగిలినది ఒకే మాట. ఆ మాట పైకి అనకూడదు. అంటే ఆమె పెట్టిన కట్టుబాటు తప్పినట్టు.

"లోపల" అన్నాడు.

"ఏంది లోపల? ఎవరున్నరు లోపల?"

"లోపల, ముందుకి నడు."

స్టేషను మొత్తం తిరిగి చూసింది. ఆ గొంతు అలాంటిది. బయట బెంచీ మీద మంజులత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆయన ఇంకోసారి అన్నాడు, ఇంకా నిండుగా, తిరునాళ్ళలో చివరి వరసకి వినపడేట్టు. అంటూనే నడిచాడు. టేబులు అడ్డొచ్చినా కాళ్ళు ఆగలేదు, తొడలు టేబులుకి కొట్టుకుంటుంటే అక్కడే నడుస్తున్నాడు. ఎస్సై కుర్చీలోంచి లేచి రెండు భుజాలూ పట్టుకుని ఆపాడు.

"తీస్కపో బిడ్డా" అన్నాడు మంజులతని పిలిచి. "పెద్దాయనకి సోయి లేదు. గీయన ఇప్పుడేం చెప్పినా నిలవది."

కలానికి మూత పెట్టాడు. కొత్త కాగితం మీద ఏమీ రాయలేదు కాబట్టి పాత కాగితమే ఫైల్లో ఉండిపోయింది. నాగేశ్వరి తన చోటు వదిలి తనంతట తానే వెళ్ళిందని అందులో ఉంది, కింద ఆమె భర్త వేలిముద్ర ఉంది.